మెల్‌బోర్న్‌లో మా అద్దె ఇంటికి తరుగుదల షెడ్యూల్: నా అనుభవం

ఆస్ట్రేలియాలో సొంతంగా ట్యాక్స్ రిటర్న్ వేసుకునేవాళ్లకి ట్యాక్స్ ఆఫీసు వాళ్ల ఆన్‌లైన్ సైటు మైటాక్స్ పరిచయమే. అందులో అద్దె ఇంటి పేజీ తెరిస్తే ఖర్చుల గడులు వరసగా కనిపిస్తాయి. బ్యాంకు వడ్డీ, కౌన్సిల్ రేట్లు (మన ఇంటి పన్ను లాంటివి), నీటి బిల్లు, ఇన్సూరెన్స్, ఏజెంటు కమిషన్. ఆ వరసలోనే 'క్యాపిటల్ వర్క్స్ డిడక్షన్స్' అని ఒక గడి ఉంటుంది, ఇల్లు కట్టడానికైన ఖర్చులో ఏటా కొంత తరుగుదల కింద ఆదాయంలోంచి తీసేసుకోవడానికి. ఇంటికీ అందులోని వస్తువులకీ ఏటా ఎంత తరుగుదల తీసుకోవచ్చో చెప్పే పట్టికే తరుగుదల షెడ్యూల్. 2023 ఆగస్టులో మొదటిసారి ఆ పేజీ నింపినప్పుడు దాన్ని ఖాళీగా వదిలేశాను. మేం ఆ ఇంటికి కొత్తగా కట్టిందేమీ లేదు, అది మనకి కాదులే అనుకున్నాను. మరుసటి ఏడాది ఆ ఒక్క గడి నింపడానికి ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పట్టింది.

ఇల్లు మెల్‌బోర్న్‌కి పడమర వైపు, టార్నీట్‌లో ఉంది. 2012లో కట్టిన నాలుగు పడకగదుల ఇల్లు. మేం మూడో యజమానులం. ఇద్దరి పేరు మీదా సగం సగం. సెటిల్‌మెంట్ 2023 మార్చి 17న అయింది, అంటే ఇల్లు మా చేతికొచ్చింది. శుభ్రం చేయించి, కిటికీలకి కొత్త బ్లైండ్స్ వేయించి, మార్చి 24న అద్దెకి ప్రకటన పెట్టాం. ఏప్రిల్ 3న అద్దెకున్నవాళ్లు దిగారు. ఈ మూడు తేదీలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత వీటితో పని పడింది.

కొన్న నెలలో ఆస్ట్రేలియా రిజర్వ్ బ్యాంకు రేటు 3.60 శాతం. నవంబరుకల్లా 4.35 అయింది. ఒక్కోసారి రేటు పెరిగినప్పుడల్లా మా ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో పాత ఈఎంఐ కొట్టేసి కొత్తది రాసేది. అది చాలదన్నట్టు 2024 మొదట్లో ల్యాండ్ ట్యాక్స్ బిల్లొచ్చింది. విక్టోరియాలో అంతకుముందు 3 లక్షల డాలర్ల లోపు స్థలానికి ఆ పన్ను ఉండేది కాదు. 2024 నుంచి ఆ హద్దును 50 వేలకి దించేశారు. అలా అద్దెకీ ఖర్చుకీ మధ్య గండి పెద్దదైపోయింది. ఇక ఆ ఏడాది రిటర్న్ నేనే వేసుకోకుండా ఎవరికైనా చూపిద్దామనిపించింది.

ఈ తరుగుదల సంగతి అంతకుముందు నా చెవిన పడలేదని కాదు. శనివారం తెలుగు బడి దగ్గర పిల్లల కోసం ఎదురుచూస్తూ ఒకసారి ఈ మాటే వచ్చింది. "పాత ఇంటికి అది రాదు మామా, కొత్తదైతేనే. 2017లోనే తీసేశారు" అని ఒకాయన గట్టిగా చెప్పాడు. ఆయనకి మూడు ఇళ్లున్నాయి. మూడు ఇళ్లున్న మనిషి మాట మీద ఇంకేం అడుగుతాం? ఆయన చెప్పింది సగం నిజమే. మిగతా సగం తెలుసుకోకపోవడం నా తప్పు.

2024 ఆగస్టు 10, శనివారం. వెరిబీలో ఇంట్లోనే ఆఫీసు పెట్టుకున్న ఒక తెలుగు అకౌంటెంట్ దగ్గరికి వెళ్లాం. అక్కా అని పిలిచేంత చనువు మొదటి పది నిమిషాల్లోనే వచ్చేసింది. ఆవిడ నా పాత రిటర్న్ స్క్రీన్ మీద పైకీ కిందకీ జరిపి ఆ ఖాళీ గడి దగ్గర ఆగింది.

"షెడ్యూల్ ఏది తమ్ముడూ?"

"పాత ఇల్లు కదక్కా, రాదన్నారు."

"ఎవరన్నారు?"

చెప్పాను. నవ్వింది. ఒక తెల్ల కాగితం తీసి మధ్యలో నిలువు గీత గీసింది. ఎడమవైపు గోడలు, పైకప్పు, టైల్స్, వంటింటి అల్మరాలు, కారు బాట కాంక్రీటు, కంచె. కుడివైపు ఓవెన్, ఏసీ, కార్పెట్, బ్లైండ్స్. 2017 మే 9 సాయంత్రం ఏడున్నర తర్వాత కాంట్రాక్టు రాసుకుని కొన్న పాత ఇళ్లలో ఆగిపోయినవి కుడివైపువి మాత్రమే, అవి కూడా ఇంటితో పాటు వచ్చిన పాతవి మాత్రమే. ఎడమవైపువి ఎవరూ తీసేయలేదు. 1987 సెప్టెంబరు 15 తర్వాత కట్టడం మొదలైన ఇల్లయితే కట్టుబడి ఖర్చులో ఏడాదికి 2.5 శాతం చొప్పున 40 ఏళ్లపాటు తీసుకోవచ్చు. యజమానులు మారినా ఆ గడియారం ఆగదు. "మీ ఇంటికి ఇంకో 28 ఏళ్లుంది" అంది.

మరి కట్టుబడి ఖర్చంటే ఏది? మేం కొన్న ధర కాదు. స్థలం విలువ అసలు కాదు. అప్పట్లో ఇల్లు కట్టడానికి ఎంతైందో అది. మొదటి యజమాని ఎవరో కూడా మాకు తెలియదు. ఆ బిల్లులు ఎక్కడ దొరుకుతాయి? అందుకే క్వాంటిటీ సర్వేయర్ కావాలి, అంటే కట్టడాల ఖర్చు అంచనా వేసే నిపుణుడు. టీఆర్ 97/25 అనే ట్యాక్స్ ఆఫీసు రూలింగ్ ప్రకారం అసలు ఖర్చు తెలియనప్పుడు వాళ్లు వేసిన అంచనా చెల్లుతుంది. రియల్ ఎస్టేట్ ఏజెంటు వేసింది చెల్లదు, అకౌంటెంట్ వేసిందీ చెల్లదు. "నేను రాసిస్తే ఆ కాగితం చిత్తుకి కూడా పనికిరాదు" అంది అక్క.

అప్పుడు తట్టింది, ఒక ఏడాది పోయిందని. మా ఆవిడ నా వైపు చూసిన చూపు వేరే చెప్పక్కర్లేదు. కానీ మనలాంటి మామూలు వ్యక్తులకి అసెస్‌మెంట్ నోటీసు వచ్చిన రోజు నుంచి రెండేళ్ల దాకా రిటర్న్ సవరించుకునే వీలుంటుందట. మాకు నోటీసులొచ్చింది 2023 ఆగస్టులో. అంటే ఇంకో ఏడాది గడువుంది. అదే ఇంటిని నాలుగైదేళ్ల కింద కొని ఇలాగే ఊరుకుని ఉంటే మొదటి రెండు మూడేళ్లవి గాల్లో కలిసిపోయేవి.

ఆగస్టు 13న రెండు చోట్ల ధర అడిగాను. ఒకరు 385 డాలర్లు. ఇంటికి రారు, మనం పంపిన ఫోటోలూ ప్లానూ చూసి చేస్తారు. ఇంకొకరు 660. మనిషి వచ్చి కొలిచి చూస్తాడు. ఇద్దరి ట్యాక్స్ ఏజెంట్ నంబర్లూ ట్యాక్స్ ప్రాక్టీషనర్స్ బోర్డు జాబితాలో వెతికి చూశాను, ఉన్నాయి. ఈ షెడ్యూల్ చేసేవాళ్లకి ఆ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి, కాబట్టి ఆ రెండు నిమిషాల పని మానొద్దు. ఇంకో మాట. ఈ రంగంలో 'మొదటి ఏడాది మా ఫీజుకి రెట్టింపు రాకపోతే డబ్బు వాపస్' అనే ప్రకటనలు తరచూ కనిపిస్తాయి. నేనూ మొదట పొంగిపోయాను. రెట్టింపు వచ్చేది చేతికి డబ్బు కాదు, ఆదాయంలోంచి తీసేసే మినహాయింపు. చేతికొచ్చేది అందులో మూడో వంతో, కొంచెం ఎక్కువో.

"275 డాలర్ల తేడా అండీ. ఫోటోలే కదా, నేను తీసి పెడతాను" అంది మా ఆవిడ. ఆ మాటా నిజమే. రెండు రోజులు ఊగిసలాడాం. చివరికి ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: మాకంటే ముందున్నవాళ్లు ఇంటికి ఏమైనా చేయించి ఉంటే అదెలా తెలుస్తుంది? మొదటివాళ్లు "మీరు చెబితే కలుపుతాం" అన్నారు. రెండోవాళ్లు "మావాడు చూసి చెబుతాడు" అన్నారు. నాకు తెలియనిది నేనెలా చెబుతాను? 660 కట్టాను. ఆగస్టు 19న డబ్బు కట్టి వాళ్ల ఫారం నింపాను. సెటిల్‌మెంట్ తేదీ, అద్దె మొదలైన తేదీ, మేం కొన్న కొత్త వస్తువులు, వాటి బిల్లులు. అద్దె మొదలైన తేదీ దగ్గర ఏప్రిల్ 3 అని రాశాను. గుర్తుంది కదా.

తర్వాత కాగితాల వేట. కొనేటప్పుడు అమ్మేవాళ్లు ఇంటి వివరాలు రాసిచ్చిన సెక్షన్ 32 స్టేట్‌మెంట్‌ని సంతకాల రోజు తర్వాత నేను మళ్లీ ముట్టుకోలేదు. దుమ్ము దులిపి చూస్తే అందులో వెనక వరండాలో వేసిన పెర్గోలా (స్తంభాల మీద నిలబెట్టిన పందిరి) తాలూకు బిల్డింగ్ పర్మిట్ దొరికింది, 2017 నాటిది. విక్టోరియాలో గత ఏడేళ్లలో తీసుకున్న పర్మిట్లు అమ్మేవాళ్లు అందులో చూపించాలి. మేం 2023లో కొన్నాం కాబట్టి సరిపోయింది, ఇంకో రెండేళ్లు ఆలస్యంగా కొనుంటే ఆ కాగితం మాకు దక్కేదే కాదు. ఇంటి అసలు పర్మిట్ మాత్రం అంత పాతది అందులో లేదు. కౌన్సిల్‌కి యాభై పైచిలుకు డాలర్లు కట్టి ఆగస్టు 20న అడిగాను. సెప్టెంబరు 11న వచ్చింది. మూడు వారాల నిరీక్షణలో నేను చేసిన పని రోజూ మెయిల్ చూసుకోవడం. అందులో 2011లో పర్మిట్, 2012 ఫిబ్రవరిలో ఆక్యుపెన్సీ పర్మిట్ (ఇంట్లో ఉండొచ్చనే అనుమతి) అని ఉంది. ఈ కాగితం లేకపోయినా సర్వేయర్ అంచనా వేస్తాడట. కానీ 40 ఏళ్ల లెక్క ఏ రోజు నుంచో కచ్చితంగా తేలడానికి ఇదే ఆధారం.

ఈలోగా ఇంటికి మనిషిని పంపే వ్యవహారం. మన ఇల్లే అయినా మనం వెళ్లి తలుపు తట్టలేం. ఏజెంటు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మొదట సెప్టెంబరు 5 అనుకున్నారు. ముందురోజు రాత్రి ఏజెంటు నుంచి మెసేజ్, అద్దెకున్నవాళ్ల పాపకి జ్వరమని. ఆవిడ నైట్ డ్యూటీ నర్సు. పిల్లకి జ్వరం, తనకి నిద్ర లేదు, అలాంటి రోజు ఎవడో వచ్చి బెడ్‌రూముల్లో ఫోటోలు తీస్తానంటే ఎవరికి నచ్చుతుంది? వాయిదా వేయించాం. సెప్టెంబరు 18కి కుదిరింది. ఇక్కడ నాకు తెలియని ఖర్చొకటి బయటపడింది. తలుపు తీసి పక్కన నిలబడడానికి ఏజెంటు 55 డాలర్లు తీసుకుంటుందట. మేనేజ్‌మెంట్ అగ్రిమెంట్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. నేను కూడా హాఫ్ డే సెలవు పెట్టి వెళ్లాను.

వచ్చినాయనకి యాభై ఏళ్లుంటాయి, ఐరిష్ యాస. బూట్లకి నీలం రంగు తొడుగులు వేసుకుని లోపలికొచ్చాడు. చేతిలో ట్యాబ్లెట్, సబ్బు బిళ్లంత లేజర్ కొలత యంత్రం. గోడకి ఆనించి నొక్కితే ఎదురు గోడ మీద ఎర్ర చుక్క పడి 'టిక్' మంటుంది. జ్వరం తగ్గిన పాప ఆ చుక్కని పట్టుకోవడానికి గది గదికీ పరిగెత్తింది. ఆయన కూడా పాప కోసం రెండు మూడుసార్లు అనవసరంగానే నొక్కాడు.

నేననుకున్నట్టు ఆయన ఇంటి అందం చూడలేదు. స్టిక్కర్లు చూశాడు. గ్యారేజీ మోటారు మీది స్టిక్కర్, హీటర్ మీది స్టిక్కర్, ఓవెన్ తలుపు తెరిచి అంచున ఉన్న స్టిక్కర్. మీటరు పెట్టె తెరిచి ఫోటో. బయటికొచ్చి కంచె ఎన్ని మీటర్లో, కారు బాట కాంక్రీటు ఎంత వెడల్పో కొలిచాడు. పక్కనే నేను ముచ్చటపడి నాటించిన నిమ్మచెట్టుని, గులాబీల్ని చూసి "ఇవి లెక్కలోకి రావు, కాస్తే తినడమే" అన్నాడు. గోడలూ బాటలూ వస్తాయి, మొక్కలు రావు.

పెద్ద బెడ్‌రూముకి ఉన్న బాత్‌రూములో మాత్రం ఆగిపోయాడు. హాల్ పక్క బాత్‌రూములో చిన్న లేత గోధుమరంగు టైల్స్, ఇక్కడేమో పెద్ద బూడిదరంగు పలకలు. నేను ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడే గమనించాను, యజమాని గది కదా కొంచెం ఖరీదైనవి వేయించుకున్నారనుకున్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, సింకు కింది అల్మరా తెరిచి, టూత్‌పేస్టు పెట్టెలు పక్కకి జరిపి, టార్చి వేసి తల లోపలికి పెట్టాడు. వెనక పలక మీద తయారీదారు అతికించిన లేబుల్ ఉంది. దాని మీద 2019 అని ఉంది. "ఇది ఇంటితో పుట్టింది కాదు" అన్నాడు, లేచి మోకాళ్లు దులుపుకుంటూ. మాకు అమ్మినవాళ్లు బాత్‌రూము మొత్తం పగలగొట్టి కట్టించుకున్నారన్నమాట. ఆ ఖర్చు వాళ్లు పెట్టినా, మిగిలిన ఏళ్ల 2.5 శాతం మాదే. 275 డాలర్ల తేడా గురించి ఇంట్లో మళ్లీ మాట రాలేదు.

మొత్తం నలభై నిమిషాలు పట్టింది. వెళ్లేముందు హాల్లోని ఏసీ గురించి అడిగాడు. పాతది పాడైతే 2023 డిసెంబరు 12న 2,150 డాలర్లు పెట్టి మేమే కొత్తది వేయించాం. బిల్లు ఉందన్నాను. "మీ ఇంట్లో ఏటా తరుగుదల వచ్చే పెద్ద వస్తువు ఇదొక్కటే" అన్నాడు. అక్క గీసిన కాగితంలో కుడివైపుది అన్నమాట. ఇంటితో వచ్చిన ఓవెన్, కార్పెట్, హీటర్ అన్నీ రాసుకున్నాడు కానీ వాటికి ఏటా ఏమీ రాదు. ఇల్లు అమ్మినప్పుడో వాటిని పారేసినప్పుడో క్యాపిటల్ నష్టం కింద పనికొస్తాయని ఒక పట్టికలో పెడతారట.

ఆ ఆదివారం అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, "అదేంట్రా, బంగారం కొట్లో తరుగు మన దగ్గర తీసుకుంటారు గానీ, అక్కడ తరుగు మీకే ఇస్తారా?" అంది. పక్కనుంచి నాన్న అందుకున్నారు. ఆయన రిటైరైనా రిటర్న్ ఆయనే వేసుకుంటారు. "మనకి ఈ కొలతలూ పాడూ లేవురా. మున్సిపల్ పన్ను పోను అద్దెలో 30 శాతం గుడ్డిగా తీసేస్తారు. సింకు కింద తల పెట్టి చూసేదేంటి?" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ గుడ్డి 30 శాతమే హాయనిపించింది.

అక్టోబరు 1న రిపోర్టు ముసాయిదా వచ్చింది. ఇరవై పేజీలకు పైనే, సగం ఫోటోలు. ముఖ్యమైన పేజీ ఒక్కటే. 2012 నాటి కట్టుబడి అంచనా 2,12,000 డాలర్లు, ఏడాదికి 5,300. పెర్గోలా, దాని కింది కాంక్రీటు 14,000, ఏడాదికి 350. ఆ బాత్‌రూము 11,200, ఏడాదికి 280. అన్నీ కలిపి 5,930 డాలర్లు. మొదటి ఏడాది మాత్రం రోజుల లెక్కన 89 రోజులకి 1,446 అని వేశారు.

అక్కకి పంపాను. అరగంటలో ఫోన్ చేసింది. "89 రోజులేంటి? అద్దెకి ప్రకటన ఎప్పుడు పెట్టారు?" మార్చి 24న అన్నాను. "మరి ఏప్రిల్ 3 అని ఎందుకు రాశావు?" మనుషులు దిగింది అప్పుడు కదా! కానీ లెక్క దిగిన రోజు నుంచి కాదట, ఇల్లు నిజంగా అద్దెకి సిద్ధమై ప్రకటన బయటికొచ్చిన రోజు నుంచట. ఏజెంటు దగ్గర ప్రకటన తేదీ ఉన్న మెయిల్ తీసుకుని అక్టోబరు 4న సర్వేయర్ ఆఫీసుకి పంపాను. 99 రోజులైంది, 1,446 కాస్తా 1,608 అయింది. పది రోజులకి 162 డాలర్లు. తప్పు నాదే కాబట్టి సవరణకి డబ్బడుగుతారేమో అనుకున్నాను, అడగలేదు. చివరి రిపోర్టు అక్టోబరు 9న చేతికొచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చింది బ్లైండ్స్ కథ. 2023 మార్చిలో వేయించిన బ్లైండ్స్ మొత్తం 1,400 డాలర్లు. ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి ఒక్కొక్కరి వాటా 700. వాటా వెయ్యి లోపు ఉంటే 'లో వాల్యూ పూల్' అనే దాంట్లో వేసుకోవచ్చు. అందులో మొదటి ఏడాది 18.75 శాతం, తర్వాత ఏటా మిగిలినదాంట్లో 37.5 శాతం. రోజుల లెక్క లేదు. మార్చిలో కొన్నా మొదటి ఏడాది 18.75 శాతం మొత్తం వస్తుంది. అలా ఇద్దరికీ కలిపి మొదటి ఏడాది 262 డాలర్లు, రెండో ఏడాది 426. ఏసీ కూడా అందులో పడేద్దామా అంటే సగం వాటా 1,075. ఇంకో 150 డాలర్లకి పైగా బేరమాడి ఉంటే దూరిపోయేది. దాంతో అది పదేళ్ల లెక్కలో, మొదట్లో ఎక్కువ తగ్గే పద్ధతిన ఏడాదికి 20 శాతం చొప్పున, వేయించిన రోజు నుంచి 202 రోజులకి 238 డాలర్లు అయింది.

ఇక డబ్బు సంగతి. మాకు పడే పన్ను శాతాలతో చెబుతున్నాను, మీవి వేరుగా ఉంటాయి. ప్రభుత్వ వైద్యం కోసం వేసే మెడికేర్ లెవీతో కలిపి నాకు ఆ రెండేళ్లూ పై శ్లాబు 39 శాతం, మా ఆవిడకి 34.5. ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. 2023-24కి షెడ్యూల్ వల్ల పెరిగిన మినహాయింపు దాదాపు 6,595 డాలర్లు, చేరి సగం. అక్టోబరు 14న రిటర్న్‌లు వేశాం, 28న రిఫండ్లు వచ్చాయి. అందులో ఈ షెడ్యూల్ పుణ్యమా అని వచ్చిన భాగం ఇద్దరికీ కలిపి 2,420 పైన. మొత్తం నా పేరు మీదే వేసుకుంటే ఎక్కువ మిగులుతుంది కదా అని అడిగాను. కాగితాల్లో పేర్లెలా ఉంటే మినహాయింపూ అలాగేనని అక్క ఒక్క ముక్కలో తేల్చేసింది.

వదిలేసిన మొదటి ఏడాది సవరణ అక్టోబరు 21న పంపాం. మనిషికి 110 డాలర్ల ఫీజు. వెంటనే వచ్చేస్తుందనుకున్నాను. నాది నవంబరు 19న వచ్చింది, 365 డాలర్లు. మా ఆవిడది ఇంకా రాలేదు. ఒకేరోజు, ఒకే ఇల్లు, ఒకే లెక్క. రెండు వారాలు టెన్షన్. ఏదైనా ఆడిట్‌లో పడిందా, నా వల్లే ఇరుక్కుందా అని తను, నేనేదో తప్పు రాశానని నేను. అక్క మాత్రం "కంగారు పడకండి, వరస ఒక్కోసారి అలా నడుస్తుంది" అంది. డిసెంబరు 3న వచ్చింది, 323 డాలర్లు. కారణం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆగస్టు 10 నుంచి లెక్కేస్తే నాలుగు నెలలకి వారం తక్కువ.

పెట్టింది షెడ్యూల్‌కి 660, తలుపు తీసినందుకు 55, కౌన్సిల్‌కి యాభై చిల్లర, సవరణలకి 220. వెయ్యికి కొద్దిగా తక్కువ. వచ్చింది 3,100 పైన. షెడ్యూల్ ఫీజు కూడా మళ్లీ ఖర్చు కిందకే వస్తుంది, కట్టిన ఏడాది రిటర్న్‌లో. అదే రిపోర్టు ఇకముందు ప్రతి ఏడాదీ పనికొస్తుంది. మళ్లీ చేయించక్కర్లేదు, కొత్త వస్తువు కొంటే కలుపుకోవడమే.

ఒక విషయం మాత్రం రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండదు. రిటర్న్ వేసిన రోజు మేం సంబరంగా లేస్తుంటే అక్క కూర్చోమంది. ఏటా తీసుకునే ఈ 5,930 డాలర్లు, ఇల్లు అమ్మేరోజు మన కొన్న ధరలోంచి తగ్గుతాయి. పదేళ్లు ఉంచుకుంటే దాదాపు 59 వేలు. అంటే అమ్మినప్పుడు లాభం అంత ఎక్కువ కనిపిస్తుంది, దాని మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడుతుంది. ఏడాది దాటి ఉంచుకున్న ఆస్తి కాబట్టి అందులో సగం మీదే పన్ను, అందుకని మొత్తం మీద మనకే మేలు. అయినా అమ్మ అన్న బంగారం కొట్టు సామెత ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఇక్కడ కూడా తరుగు కొంత వెనక్కి తీసుకుంటారు, అమ్మకం రోజున. మా ఆవిడ అక్కడే ఫోనులో ఒక నోట్ తెరిచి ఏటా ఎంత తీసుకున్నామో రాయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఆ లెక్క తనదే.

2025 జనవరిలో టార్నీట్ ఇంట్లో వేడినీళ్ల ట్యాంకు కారిపోయిందని ఏజెంటు ఫోన్ చేసింది. పాతదానికి షెడ్యూల్లో సున్నా. కొత్తది వేయించక తప్పదు. ప్లంబర్ వచ్చిన రోజు నేనూ వెళ్లాను. పాత ట్యాంకుని ట్రాలీ మీద బయటికి తోస్తున్నారు, ఎండ నెత్తిన మండుతోంది, బిల్లు అంకె చూసి నా గొంతు ఆరిపోతోంది. జేబులో ఫోన్ మోగింది. మా ఆవిడ మెసేజ్: "స్టిక్కర్ ఫోటో తీశారా? పాతదానిది కూడా."